కుంటి కుర్చీ

తూజ్లాలో ఇళ్ళు నిటారుగా నిలబడవు.
ఉప్పునీళ్ళు తోడి తోడి
ఊరి కింద బోలు చేశారు, మా తాతల కాలం నుంచీ.
మా వీధిలో ఇప్పటికీ
గోలీ ఒకటి నేలమీద పెడితే
దానంతటదే తలుపు దాకా దొర్లిపోతుంది.

ఆ వీధిలోనే, రొట్టెల కొట్టు పైన
నేను మనుషుల మాటలు వింటాను.
బొగ్గుగని ఫిక్రెత్ మార్చిలో వచ్చాడు,
భార్య తోసుకొస్తే. టోపీ తీయలేదు.
"నాకేం లేదు డాక్టరమ్మా. మెట్లు దిగలేను, అంతే."
నేలమాళిగలో ఊరేసిన క్యాబేజీ పీపా ఉందట.
చలికాలమంతా ఆవిడే దిగి తెచ్చింది.

మొదట లెక్కల దారి పట్టాను.
నోటుబుక్కు ఇచ్చి, మెట్టు మెట్టుకీ
భయం పదికి ఎంతో రాయమన్నాను.
మూడో మెట్టు: ఏడు.
నాలుగో మెట్టు: ఏడు.
ఐదో మెట్టు దగ్గర అంకె లేదు,
పెన్సిలు మొన విరిగిన మచ్చ.

సరే, ఒంటినే అడుగుదామనుకున్నాను.
పాదాలు నేలకు ఆనించండి,
ఊపిరి ఎక్కడ ఆగుతోందో చూడండి.
"ఇక్కడ," గొంతు కింద వేలు పెట్టాడు.
"ఇక్కడ దుమ్ముంది."
పదకొండేళ్ళ కిందటి దుమ్ము.

ఇంకో వారం నా వేలు అటూ ఇటూ కదిలిస్తూ
కళ్ళతో వెంబడించమన్నాను.
కాసేపు చూసి, "ఈగలు తోలుతున్నారా?" అన్నాడు.
ఇద్దరం నవ్వాం.
ఆ నవ్వును కూడా రాసిపెట్టుకున్నాను.

సరయేవోలో నాకు చదువు చెప్పినావిడ
పద్ధతికి మడి కట్టుకున్న మనిషి.
"ఒక్క దారి పట్టుకో అజెమీనా, చివరిదాకా పో.
నీది అతుకుల బొంత" అనేది.
నిజమే.
కానీ ఆవిడ గదిలో హీటరు
ఒక్కనాడూ చెడిపోలేదు.

మే నెలలో ఖాళీ కుర్చీ తెచ్చి అతని ఎదురుగా వేశాను.
"నెర్మిన్ ఇందులో కూర్చున్నాడనుకోండి. ఏం చెప్తారు?"
తమ్ముడి పేరు ఆ గదిలో పలకడం అదే మొదలు.
పలికింది నేను.

ఫిక్రెత్ కుర్చీని చాలాసేపు చూశాడు.
కింద కొట్లో రొట్టె మాడిన వాసన.
లేచి, వీపు పట్టుకుని ఊపాడు.
టక్. టక్.
"దీని ఎడమ కాలు కుంటి.
మావాణ్ణి దీనిమీద కూర్చోబెడతారా?"
తలుపు వేయకుండా వెళ్ళిపోయాడు.

తొందరపడ్డానేమో.
ఆ రాత్రి నాకు నిద్ర లేదు.
అరలో పుస్తకాలన్నీ
వీపులు తిప్పుకుని నిలబడ్డట్టున్నాయి.

మళ్ళీ వస్తాడనుకోలేదు.
వచ్చాడు. సంచిలో జిగురు డబ్బా,
రెండు బిగింపులు, ఉప్పుకాగితం.
కుర్చీని తలకిందులు చేసి
చతికిలబడి రుద్దడం మొదలుపెట్టాడు.
నేనూ దిగి నేలమీద కూర్చున్నాను.
ఏ బడిలో నేర్చుకున్నానో ఇది, గుర్తు లేదు.

రుద్దుతూ రుద్దుతూ, తల ఎత్తకుండా,
నాతో కాదు:
"ఆ రోజు షిఫ్టు నాదిరా.
నాకు పన్నునొప్పి.
ఒక్క పన్ను."
ఉప్పుకాగితం ఆగింది. మళ్ళీ కదిలింది.
"నీ బూట్లు నా దగ్గరే ఉన్నాయి.
అమ్మకి చెప్పలేదు."

పదికి ఎంత అని నేనడగలేదు.
ఊపిరి చూసుకోమనలేదు.
అతని పాదాలు వాటంతటవే నేలకు ఆని ఉన్నాయి.
కళ్ళు చేతి వెంట అటూ ఇటూ పోతున్నాయి.
గొంతు దాటి ఊపిరి
ఒక్కో మెట్టే దిగుతోంది.

ఆ కుర్చీ ఇప్పుడు కుంటడం లేదు.
కిటికీ దగ్గరికి జరిపితే మాత్రం ఊగుతుంది,
నేల వాలు కదా.
రొట్టెల కొట్టు అట్టముక్క ఒకటి
మడిచి కింద పెడుతుంటాను.

అక్టోబరులో నోటుబుక్కు తిరిగిచ్చాడు.
ఐదో మెట్టు: ఆరు.
తొమ్మిదో మెట్టు: ఆరున్నర.
దాని పక్కన చిన్న అక్షరాలతో,
బల్బు మార్చాలి.